పేరు చెప్పకపోవడం నేరం కాదు

తెలుగు వికీపీడియా గురించి నలుగురు చేరి మాట్లాడుకునే ప్రతిచోటా ఇప్పుడు ఒకే సలహా వినిపిస్తోంది. ఎవరు పడితే వాళ్లు వచ్చి రాసిపోతే అది విజ్ఞాన సర్వస్వం ఎలా అవుతుంది, ఊరూ పేరూ చెప్పనివాళ్లను ముందు బయట పెట్టండి, ఖాతా తెరిచినవాళ్లనే దిద్దనివ్వండి, కుదిరితే ఫోను నంబరు కూడా తీసుకోండి, చెత్త దానంతటదే తగ్గుతుంది అని. అధ్యాపకులు ఈ మాట అంటున్నారు, పాత్రికేయులు అంటున్నారు. ఇటీవలి మార్పుల పేజీ ముందు కూర్చుని బూతులు చెరిపి చెరిపి విసిగిపోయిన నిర్వాహకులు కొందరు కూడా అంటున్నారు. వాళ్ల విసుగు నాకు అర్థమవుతుంది. హీరోల పేజీల్లో అభిమానులు చేసే రభస, ఎన్నికల ముందు నాయకుల పేజీల మీద పడే బురద కడిగినవాళ్లకే తెలుస్తుంది. అయినా ఆ విసుగులోంచి పుట్టిన ఈ సలహా తప్పు. ఇంగ్లీషు వికీపీడియా ఇరవై ఏళ్లకు పైగా ఎన్ని దెబ్బలు తిన్నా దీనికి ఒప్పుకోలేదు. తెలుగులో దీన్ని అమలు చేస్తే ఉన్న కాస్త బలమూ పోతుంది.

తొప్పూరు సంగతి తీసుకోండి.

తమిళనాడులో ధర్మపురి జిల్లా నల్లంపల్లి తాలూకాలోని ఊరు ఇది. శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి పోయే 44వ నంబరు జాతీయ రహదారి హైదరాబాదు, కర్నూలు, అనంతపురం దాటి, బెంగళూరు దాటి, ధర్మపురికీ సేలానికీ మధ్య ఇక్కడ కనుమ దిగుతుంది. ఏటవాలు రోడ్డు, మలుపులు, బరువుతో దిగే లారీలు. బ్రేకులు పట్టక జరిగిన ప్రమాదాలతో ఈ కనుమకు చెడ్డపేరు వచ్చింది. 2024 జనవరిలో ఒక లారీ అదుపు తప్పి ముందు వాహనాలను గుద్దేయడంతో మంటలు లేచి నలుగురు చనిపోయారు. ఆ దారిన సరుకు తోలే మన లారీ డ్రైవర్లకు ఈ కనుమలో ఏ మలుపు దగ్గర గేరు మార్చాలో కూడా తెలుసు.

చరిత్ర పుస్తకాల్లో ఇంకో తోపూరు ఉంది. 1614లో రెండో వేంకటపతి రాయలు పోయాక విజయనగర వారసత్వం మీద తగవు లేచింది. రాయలు ఎంచిన వారసుడు శ్రీరంగరాయలను గొబ్బూరి జగ్గరాయలు కుటుంబంతో సహా చంపించాడు. ఆ ఇంట బతికి బయటపడిన పిల్లవాడు రామదేవరాయలను వెలుగోటి యాచమనాయుడు దక్కించి, అతని పక్షాన యుద్ధానికి దిగాడు. తంజావూరు రఘునాథ నాయకుడు యాచముడి వైపు నిలిచాడు. మధుర, జింజి నాయకులు జగ్గరాయల వైపు చేరారు. 1616 చివర్లో తోపూరు దగ్గర జరిగిన పోరులో జగ్గరాయలు కూలాడు. రామభద్రాంబ సంస్కృతంలో రాసిన రఘునాథాభ్యుదయం, మన వెలుగోటివారి వంశావళి ఈ యుద్ధానికి సాక్ష్యాలు. అప్పట్లో ఈ దేశంలో ఉన్న పోర్చుగీసు పాద్రీ మాన్యుయెల్ బరాదాస్ 1616 డిసెంబరులో రాసిన లేఖ ఇంకో సాక్ష్యం. దాన్ని రాబర్ట్ సీవెల్ 1900లో విజయనగరం మీద తన పుస్తకంలో అచ్చువేశాడు. సేనలు తిరుచిరాపల్లి మైదానాల్లో మోహరించాయని ఆ లేఖలో ఉంది. చరిత్రకారులు ఈ యుద్ధస్థలాన్ని కావేరి మీది కల్లణై ఆనకట్ట దగ్గరి తోగూరుగా గుర్తించారు.

ధర్మపురి తొప్పూరు నుంచి కల్లణైకి నూట యాభై కిలోమీటర్లకు తక్కువ ఉండదు. కానీ పేర్లు ఒకేలా వినిపిస్తాయి. పైగా ఈ తొప్పూరు కనుమ కూడా యుద్ధాలు చూసిందే. 1790 నవంబరులో టిప్పు సుల్తాను ఇంగ్లీషు సేనలను తప్పించుకుని ఈ దారినే దక్షిణానికి దిగాడు. కాబట్టి పటం ముందు పెట్టుకుని రాసేవాడెవడైనా 1616 యుద్ధాన్ని తీసుకెళ్లి ధర్మపురి కొండల్లో పెట్టేయడానికి అన్ని వసతులూ ఉన్నాయి. అలా పెట్టేశాడనే అనుకుందాం. బాగా పేరున్న వాడుకరి, వేల దిద్దుబాట్లు చేసినవాడు, మంచి మనసుతోనే పొరపడ్డాడు. ఆ తప్పును ఎవరు పట్టుకుంటారు?

హైదరాబాదులో కూర్చున్నవాళ్లు పట్టుకోవడం కష్టం. తొప్పూరులో పుట్టినవాడు పట్టుకుంటాడు. మా కనుమలో కావేరి ఎక్కడిది, ఇక్కడున్నది తొప్పయ్యారు కదా అని ఒక్క క్షణంలో అనుకుంటాడు. అనుకుని, ఫోనులో దిద్దు అన్న గుర్తు నొక్కి, ధర్మపురి జిల్లా అన్న రెండు మాటలు తీసేసి, భద్రపరచి వెళ్లిపోతాడు. కారణం రాయాలని అతనికి తెలియదు. ఆ పేజీ చరితంలో ఒక వరుస చేరుతుంది. తేదీ, సమయం, పేరు ఉండాల్సిన చోట అంకెల వరుస, పక్కన ఎర్రగా ఇన్ని బైట్లు తగ్గాయన్న లెక్క, దిద్దుబాటు సారాంశం ఉండాల్సిన చోట ఖాళీ. రాత్రి పదకొండింటికి ఆ వరుసను చూసిన నిర్వాహకుడికి ఏం కనిపిస్తుంది? ఎవరో పేరులేని మనిషి వచ్చి ఉన్న సమాచారం పీకేశాడని. ఒక్క నొక్కుతో రద్దు చేస్తాడు. తప్పు మళ్లీ తన చోటికి వచ్చి కూర్చుంటుంది, ఈసారి నిర్వాహకుడి ముద్రతో.

నిషేధం కోరేవాళ్లు ఇక్కడ ఏం జరిగిందో చూడటం లేదు. తెలిసినవాడు వచ్చాడు, ఒప్పు చేశాడు, వెనక్కి పంపేశాం. అతనికి పేరు లేకపోవడం ఇందులో అడ్డం కాలేదు. ఏం మార్చాడో చూడకుండా ఎవరు మార్చారో చూసిన అలవాటు అడ్డమైంది. ఆ అలవాటును సరిదిద్దుకోవాల్సింది పోయి దాన్నే నియమంగా రాసిపెట్టమంటున్నారు.

ఖాతా తెరవడానికి నిమిషం పట్టదు కదా, అంత జ్ఞానం ఉన్నవాడు ఆ నిమిషం పెట్టలేడా అని అడుగుతారు. ఈ ప్రశ్న కంప్యూటరులో తెలుగు మీద పట్టున్నవాళ్లు అడిగే ప్రశ్న. 2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 42 లక్షల పైచిలుకు. ధర్మపురి, కృష్ణగిరి, హోసూరు వైపు పల్లెల్లో తరాలుగా తెలుగు మాట్లాడే ఇళ్లున్నాయి. 2006లో వచ్చిన చట్టంతో అక్కడి బళ్లలో తమిళం తప్పనిసరి అయింది. భాషా అల్పసంఖ్యాకులు మినహాయింపు కోసం కోర్టుల చుట్టూ తిరిగారు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం చదివిన పిల్లవాడు అక్షరాలు కూడబలుక్కుని తన ఊరి పేజీ చదవడమే గొప్ప సంగతి. అతనికి వాడుకరి పేరు, సంకేతపదం, కాప్చా అంటూ ముందు ఒక ఫారం చేతిలో పెడితే ఫోను జేబులో పెట్టుకుని వెళ్లిపోతాడు. వికీలో సభ్యుణ్ని అవుతానని ఎవడూ మొదటి రోజే అనుకోడు. ముందు ఒక తప్పు కనబడి చేయి దురద పెడుతుంది. ఆ దిద్దుబాటు నిలబడితే రెండోది చేస్తాడు. ఖాతా ఆ తర్వాత వస్తుంది. మనం ఖాతాను ముందు పెడితే మొదటి దిద్దుబాటే ఉండదు.

ఇది నా ఊహ మాత్రమే కాదు. అమెరికాలో డార్ట్‌మత్ కళాశాల పరిశోధకులు, ఏయే రచయితలు రాసినది వికీపీడియాలో ఎక్కువకాలం చెరగకుండా నిలిచిందో లెక్కకట్టారు. రెండు గుంపులు ముందు నిలిచాయి. ఒకటి, ఖాతా ఉండి బాగా ఎక్కువగా రాసేవాళ్లు. రెండోది, ఖాతా లేకుండా ఒకటో రెండో దిద్దుబాట్లు చేసి మళ్లీ కనిపించనివాళ్లు. తనకు బాగా తెలిసిన ఒక్క సంగతి దిద్ది దారిన పోయే మనిషిని వాళ్లు మంచి సమరయుడన్నారు. బైబిలు కథలో గాయపడ్డవాణ్ని ఆదుకుని తన దారిన పోయిన పరదేశి అతను.

చెత్తంతా పేరులేనివాళ్ల పనే అన్న మాటకు వద్దాం. ఈ వాదానికి ఆయువుపట్టు 2005 నాటి ఉదంతం. అమెరికన్ పాత్రికేయుడు జాన్ సీగెన్‌థాలర్ వ్యాసంలో ఖాతా లేని ఒక వ్యక్తి, ఆయనకు కెనెడీ సోదరుల హత్యల్లో చేయి ఉందన్న అనుమానం ఉండేదని రాసిపోయాడు. నెలల తరబడి అది అలాగే ఉండిపోయింది. చివరికి ఆ వృద్ధుడే యూఎస్ఏ టుడే పత్రికలో వ్యాసం రాసి లోకానికి చెప్పుకోవలసి వచ్చింది. అది నిజంగా ఘోరం. అయితే వికీపీడియా అప్పుడు ఏం చేసింది? ఖాతా లేనివాళ్లు కొత్త పేజీలు సృష్టించకుండా ఆపింది. ఉన్న పేజీలు దిద్దే తలుపు తెరిచే ఉంచింది. దాడికి గురవుతున్న పేజీలను మాత్రం ఖాతా లేనివాళ్లు, కొత్తవాళ్లు దిద్దకుండా ఆపే పాక్షిక సంరక్షణ పద్ధతి తెచ్చింది. జబ్బు ఉన్న చోట మందు రాసింది. అదే ఉదంతం చూపించి ఒళ్లంతా కట్టు కట్టమంటున్నారు మనవాళ్లు.

సీగెన్‌థాలర్ తర్వాత వచ్చిన పెద్ద మోసాల్లో ఇవి పేరున్నవాళ్లవే. 2020లో స్కాట్స్ భాష వికీపీడియా గుట్టు బయటపడింది. అమెరికాలో ఉండే ఒక యువకుడు, స్కాట్స్ రానివాడు, పిల్లవాడిగా ఉన్నప్పుడు మొదలుపెట్టి ఇరవై వేలకు పైగా వ్యాసాలు రాశాడు. ఇంగ్లీషు వాక్యాల్లో అక్కడక్కడ స్కాట్స్ లాంటి స్పెల్లింగులు కుక్కి నింపేశాడు. ఆ వికీలో మూడో వంతు అతనిదే. అతను నిర్వాహకుడు కూడా. ఒక చిన్న భాష తన విజ్ఞాన సర్వస్వంలో తానే పరాయిదైపోయింది. 2022లో చైనా భాష వికీపీడియాలో ఒకామె సంగతి తేలింది. మధ్యయుగపు రష్యా గురించి రెండు వందలకు పైగా వ్యాసాల్లో లేని రాజులను, జరగని యుద్ధాలను, వెండి గనులను పుట్టించింది. దాదాపు పదేళ్లు ఎవరూ పట్టుకోలేదు. పైగా పతకాలు ఇచ్చి మెచ్చుకున్నారు. ఎందుకు పట్టుకోలేదు? ఆమెకు ఖాతా ఉంది, చరిత్ర పండితురాలినన్న పరిచయం ఉంది, మర్యాదగా మాట్లాడుతుంది. పేరు చూసి నమ్మేశారు. క్రొయేషియా వికీపీడియాలో కొందరు నిర్వాహకులే జట్టుకట్టి, ఎదురు చెప్పినవాళ్లను నిరోధించి, ఏళ్ల తరబడి తమ రాజకీయానికి అనుకూలంగా చరిత్రను తిప్పి రాసుకున్నారని వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ 2021లో నివేదికే వేసింది.

మన ఇంటి ఉదాహరణ కూడా ఉంది. 2009 ప్రాంతాల్లో గూగుల్ సంస్థ తన అనువాద ఉపకరణంతో కిరాయి అనువాదకులను పెట్టి తెలుగు, తమిళం, కన్నడం, బెంగాలీ వంటి వికీల్లోకి ఇంగ్లీషు వ్యాసాలను కుప్పలుగా దించింది. అందరికీ ఖాతాలున్నాయి, జీతాలున్నాయి. వచ్చిన తెలుగు ఎలా ఉందో చూసినవాళ్లకు తెలుసు. వాక్యం మొదలైతే ఎక్కడ ఆగుతుందో తెలియదు, కర్త ఒక చోట, క్రియ మరో చోట. ఆ తమిళ అనువాదాల తీరును తమిళ వికీపీడియన్లు 2010లో పోలండులో జరిగిన వికీమేనియా సభలో ఎండగట్టారు. ఆ చెత్త ఎత్తిపోయడానికి మన వికీలో స్వచ్ఛంద సేవకులకు ఏళ్లు పట్టింది. గోడ మీద బూతు రాసిపోయే కుర్రవాడి పని అయిదు నిమిషాల్లో చెరిగిపోతుంది. ఇలాంటిది చెరగదు.

కులాల పేజీల గొడవ చూడండి. తోపూరు యుద్ధం వ్యాసమే తీసుకుంటే అందులో వెలుగోటివారు, గొబ్బూరివారు, తంజావూరు, మధుర నాయకులు ఉన్నారు. వీళ్లలో ప్రతి ఒక్కరినీ తమ కులం ఖాతాలో వేసుకోవాలని చూసేవాళ్లున్నారు. ఈ పోరాటం చేసేది దారిన పోయేవాళ్లు కారు. ఖాతాలున్నవాళ్లు, ఒక్కొక్కరికి నాలుగైదు దొంగ ఖాతాలున్నవాళ్లు, నియమాలు కంఠస్థం చేసి వాటితోనే ఎదుటివాడి నోరు మూయించేవాళ్లు. ఇంగ్లీషు వికీపీడియాలో దక్షిణాసియా కులాల పేజీల కోసమే 2012లో ప్రత్యేక ఆంక్షలు పెట్టవలసి వచ్చింది. అవి ప్రవర్తన మీద పెట్టిన ఆంక్షలు. తిరగగొట్టుడు యుద్ధం చేస్తే, మూలం లేకుండా మార్చితే, వ్యక్తిగత దాడికి దిగితే చర్య. అక్కడ పనికొచ్చింది అదే. అజ్ఞాతలను నిషేధించి ఉంటే ఆ దొంగ ఖాతాల్లో ఒక్కటి కూడా తగ్గేది కాదు. ఇంకొన్ని పుట్టేవి.

సరే, ఖాతా చాలదు, అసలు పేరూ ఫోను నంబరూ తీసుకుందాం అంటారు తర్వాత. ఈ వాదం ఎప్పుడూ అక్కడికే చేరుతుంది. దక్షిణ కొరియా ఈ పని చేసి చూసింది. 2007లో పెద్ద వెబ్‌సైట్లలో రాసేవాళ్లు అసలు గుర్తింపు నిరూపించుకోవాలని చట్టం తెచ్చింది. 2011లో ఒక పెద్ద కంపెనీ సర్వర్లలోకి దొంగలు చొరబడి మూడున్నర కోట్ల మంది వివరాలు ఎత్తుకుపోయారు. 2012 ఆగస్టులో ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్ని ఏకగ్రీవంగా కొట్టేసింది.

మన దేశంలో పేరు బయటపడితే ఏమవుతుందో 2024, 2025ల్లోనే చూశాం. 2024 జులైలో ఏఎన్ఐ వార్తా సంస్థ తన మీది వికీపీడియా వ్యాసంలో రాతలు పరువు తీస్తున్నాయని రెండు కోట్ల రూపాయల దావా వేసింది. ఆ వ్యాసం దిద్దిన ముగ్గురి వివరాలు ఇమ్మని ఢిల్లీ హైకోర్టు వికీమీడియా ఫౌండేషన్‌ను ఆదేశించింది. ఆ కేసు గురించి రాసిన పేజీనే అక్టోబరులో తీయించింది. ఆ తీసివేత ఆదేశాన్ని 2025 మే 9న సుప్రీంకోర్టు రద్దు చేసేదాకా అది చీకట్లోనే ఉంది. 2025 ఫిబ్రవరిలో శంభాజీ వ్యాసం విషయంలో మహారాష్ట్ర సైబర్ పోలీసులు దిద్దినవాళ్ల మీద కేసే పెట్టారు. బెలారుస్‌లో మార్క్ బెర్న్‌స్టీన్ అనే వికీపీడియన్ వివరాలు ఎవరో బయటపెట్టాక, 2022 మార్చిలో పోలీసులు వచ్చి పట్టుకుపోయారు.

ఇప్పుడు తెలుగునాట ఒక చిన్న పట్టణంలో ఉండే బడిపంతులును ఊహించుకోండి. స్థానిక ఎమ్మెల్యే పేజీలో ఆయన మీద ఉన్న కేసు సంగతి పత్రిక ఆధారంతో చేర్చాడు. ఇసుక రీచ్ పేజీలో నిజం రాశాడు. ఇతన్ని పేరు పెట్టి రాయమంటున్నారు. అతను రాయడు. ఎమ్మెల్యే మనిషి మాత్రం హాయిగా తన పేరే పెట్టుకుని రాస్తాడు. పేరు నియమం ఎవరి నోరు మూస్తుందో, ఎవరికి మైకు ఇస్తుందో దీంతోనే తేలిపోతుంది.

అజ్ఞాతలను పట్టుకోలేమన్న భయం కూడా అర్థం లేనిది. ఇన్నేళ్లూ ఖాతా లేకుండా దిద్దినవాడి ఐపీ అడ్రసు లోకమంతటికీ కనబడేది. సీగెన్‌థాలర్ వ్యాసంలో అబద్ధం రాసినవాణ్ని పట్టుకున్నది ఆ అడ్రసుతోనే. ఖాతా ఉన్నవాడి అడ్రసు ఎవరికీ కనబడదు, కొద్దిమంది తనిఖీదారులు తప్ప, అదీ పరిమిత కాలం. మరుగు ఎక్కువ కోరుకునేవాడు ఖాతాయే తెరుస్తాడు. ఇప్పుడు ఈ తేడా కూడా పోతోంది. 2024 చివర్లో కొన్ని చిన్న వికీల్లో మొదలై, 2025 నవంబరుకల్లా ఇంగ్లీషు దాకా వచ్చిన కొత్త ఏర్పాటులో ఖాతా లేనివాడికి తాత్కాలిక ఖాతా దానంతటదే వస్తుంది. అడ్రసు జనానికి కనబడదు. బాధ్యత ఉన్న నిర్వాహకులకు అవసరమైతే కనబడుతుంది. అదే మనిషి కొంతకాలంలోపు అదే బ్రౌజరు నుంచి మళ్లీ వస్తే ఒకే పేరుతో కనిపిస్తాడు కాబట్టి అతనితో మాట్లాడటం కూడా తేలిక. సాంకేతికంగా ఇంత దారి ఏర్పడ్డాక కూడా తలుపు మూసేయమనడం ఎలుకల బాధ పడలేక ఇల్లు తగలబెట్టుకోవడమే.

పోర్చుగీసు వికీపీడియా వాళ్లు మూసేశారు కదా అంటారు. నిజమే, 2020 అక్టోబరులో ఆ వికీ సభ్యులు ఓటు వేసి ఖాతా లేనివాళ్లు వ్యాసాలు దిద్దకుండా ఆపారు. దుశ్చర్యలు తగ్గాయి కూడా. దాన్ని నేను కాదనను. కానీ బ్రెజిల్ అంతటినీ వెనక పెట్టుకున్న భాష అది. కొన్ని వేలమంది చురుగ్గా రాస్తున్న చోట కొందరు రాకపోయినా నడుస్తుంది. 2011 లెక్కలో 8 కోట్ల 11 లక్షల మంది మాట్లాడే మన భాషలో, 2003 డిసెంబరులో వెన్న నాగార్జున మొదలుపెట్టిన ఈ వికీలో, నెల నెలా చురుగ్గా రాసేవాళ్లను ఒక చిన్న కల్యాణ మంటపంలో కూర్చోబెట్టవచ్చు. మనకు రాసేవాళ్లే కరువు. పక్కనే జర్మన్ వికీపీడియా ఉదాహరణ ఉన్నా ఎవరూ ఎత్తరు. 2008 నుంచి అక్కడ ఎవరైనా దిద్దవచ్చు, కానీ కొత్తవాళ్లు, ఖాతా లేనివాళ్లు చేసిన మార్పు అనుభవం ఉన్న ఒకరు చూశాకే పాఠకులకు కనబడుతుంది. మనిషిని ఆపరు, మార్పును చూస్తారు. బతికున్నవాళ్ల పేజీలకూ, కులం, రాజకీయం, సినిమా పేజీలకూ మనం కూడా ఇలాంటి ఏర్పాటు కోరవచ్చు.

పండితులు సంతకం పెట్టి రాసిందే ప్రమాణం అన్న గౌరవం ఈ వాదం వెనక ఉంది. కొమర్రాజు లక్ష్మణరావుగారి ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం అలాంటిదే, అది మనకు గర్వకారణం. కానీ ఆ మహానుభావుడి జీవితకాలంలో వచ్చిన మూడు సంపుటాలూ అకారం దాటలేదు. ఇంకో వైపు ఈస్టిండియా కంపెనీ సర్వేయరు మెకంజీ దొర కోసం కావలి సోదరులు ఊరూరా తిరిగి రాయించిన కైఫీయతులు ఉన్నాయి. చెరువు ఎవరు తవ్వించారో, గుడి మాన్యం ఎంతో, ఊరికి ఆ పేరెలా వచ్చిందో కరణాలు, ఊరి పెద్దలు చెప్పగా రాసుకున్నారు. చెప్పినవాళ్లలో చాలామంది పేర్లు మనకు దక్కలేదు. వాటిలో తప్పులున్నాయి, అతిశయోక్తులున్నాయి, చరిత్రకారులు జల్లెడ పట్టుకుని వాడుకుంటున్నారు. ఆ మనుషులు పేరు చెప్పలేదని వాటిని పారేసి ఉంటే దక్షిణాది ఊళ్ల చరిత్రలో సగం మనకు ఉండేది కాదు.

ఇక ప్రవర్తన సంగతి. వికీమీడియా బోర్డు 2021 ఫిబ్రవరిలో సార్వత్రిక ప్రవర్తనా నియమావళిని ఆమోదించింది. వేధింపు, అవమానం, అధికార దుర్వినియోగం కూడదని అందులో ఉంది. అది నిర్వాహకులకూ వర్తిస్తుంది. మన దగ్గర ప్రవర్తన అనగానే అజ్ఞాత గురించే మాట్లాడతారు. పాత సభ్యుడు కొత్తవాణ్ని చర్చ పేజీలో ముందు నియమాలు చదువుకుని రా అని కసిరితే దాన్ని ప్రవర్తన కింద లెక్కెయ్యరు. ఇంగ్లీషు వికీపీడియాలో రచయితల సంఖ్య 2007 తర్వాత ఎందుకు పడిపోయిందో 2013లో నలుగురు పరిశోధకులు పరిశీలించారు. మంచి మనసుతో వచ్చిన కొత్తవాళ్లను కూడా యంత్రాలూ, పాతవాళ్లూ కలిసి వెంటవెంటనే రద్దు చేసి తరిమేయడం పెద్ద కారణమని తేల్చారు. ఆ పేజీలు శుభ్రంగానే ఉన్నాయి. వాటికి కొత్త చేతులే రాలేదు.

తొప్పూరు మనిషి చేసిన ఆ రెండు మాటల మార్పుకు జవాబు ఎలా ఉండాలి? రద్దు చేసే ముందు ఒక్కసారి పటం తెరిచి చూడాలి. అనుమానం తీరకపోతే అతని చర్చ పేజీలో, నమస్కారం, ఈ యుద్ధం ధర్మపురి జిల్లాలో జరగలేదని మీరు మార్చినట్టున్నారు, దానికి ఆధారం ఏదైనా చెబితే ఉంచుతాం అని ఒక వాక్యం రాయాలి. బూతు రాసినవాడికి, మూడుసార్లు హెచ్చరించినా వినకుండా పేజీ చెరిపేవాడికి నిరోధం వేయాలి, సందేహం లేదు. అది అతను చేసిన పనికి పడే శిక్ష. ఒక మొబైలు కంపెనీ అడ్రసుల వరుసను మొత్తంగా నెలల తరబడి మూసేస్తే మాత్రం ఆ నెట్‌వర్కు వాడే వేలమంది చేయని నేరానికి బయట నిలబడతారు.

తెలుగు వికీ చర్చావేదిక రచ్చబండలో నిషేధం ప్రతిపాదన పెట్టాలనుకుంటున్న మిత్రులారా, ముందు మీరు గత నెలలో రద్దు చేసిన అజ్ఞాత దిద్దుబాట్లను తెరిచి ఒక్కొక్కటిగా చూడండి. ఎన్నింటిలో నిజంగా దుశ్చర్య ఉందో, ఎన్నింటిని పేరు లేదనే రద్దు చేశారో, ఎన్నింటికి తెలుగులో ఒక్క వాక్యం కారణం రాశారో లెక్క తీసి ఆ లెక్కతో సహా ప్రతిపాదన పెట్టండి. ధర్మపురి, కృష్ణగిరి, హోసూరు వైపు తెలుగువాళ్లకు నా విన్నపం ఒక్కటే. మీ ఊరి పేజీ ఈ రోజే తెరిచి చదవండి. తప్పు ఉంటే దిద్దండి, ఎందుకు దిద్దారో సారాంశంలో నాలుగు మాటలు రాయండి, పుస్తకమో పత్రికో చేతిలో ఉంటే దాని పేరు చేర్చండి. మీ పేరు పెట్టాలో వద్దో మీ ఇష్టం.